రెండు వన్నెలు

గృహకృత్యములలో గోడలకు రంగు వేయించుట మిక్కిలి స్వల్పమైన పని యని తలంచువారు పెక్కండ్రు కలరు. పండుగకో పెండ్లికో ముందు సున్నము కొట్టించుట తప్ప గోడను గూర్చి వేఱుగ నాలోచించు నలవాటు మన పెద్దలకు లేకుండెను. నేడన్ననో, దుకాణమునకు బోయి రంగు కావలెనని పలికిన తోడనే దుకాణదారుడు దిండంత లావు గల పుస్తక మొకటి మన ముందు విప్పును. దానిలో వేయికి పైబడిన వన్నెలు చీటీలుగా నంటింపబడి యుండును. ఎఱుపు వలదు, నీలము కావలెనని చెప్పుట కష్టము గాదు. అక్కచెల్లెండ్రవలె నొక్క పోలికగా నున్న రెండు వన్నెలలో నొకదాని నేరుకొనవలసి వచ్చినప్పుడే కష్టమంతయు గలుగును. అట్టి కష్టము తెనాలిలో మా యింటికి సంక్రాంతికి నెలదినములు ముందు వచ్చినది. అందువలన నాకు రంగును గూర్చి కొన్ని సంగతులును, సంసారమును గూర్చి యొక సంగతియు దెలిసినవి. అవి యితర కుటుంబములకును బనికివచ్చునని తోచి యిందు వ్రాయుచున్నాను.

మా అత్తగారు రేపల్లెలో నుండిరి. వారికి ఎనుబదియేండ్లు దాటినవి. మామగారు గతించి ముప్పది సంవత్సరములైనది. నాటినుండియు నామె యా పాతయింట నొంటరిగనే యుండి, కుమాళ్లు రమ్మని పిలిచినప్పుడెల్ల "నా కాళ్లు ఆడుతున్నన్నాళ్లు నా గడప నాది" అని సమాధానము చెప్పుచుండిరి. కాళ్లకంటె ముందు కన్నులు మొఱాయించినవి. రెండు కన్నులకును శుక్లములు వచ్చినవి. గుంటూరులో వైద్యులు కుడికంటికి శస్త్రచికిత్స చేసి కృత్రిమమైన కటకము నమర్చి, యెడమకంటికి పండుగ వెళ్లిన పిమ్మట చేయుదుమనిరి. ఒంటరిగా నుండుట కిక వీలు లేకపోయెను. రేపల్లె పాసింజరులో నామెను దెనాలికి దీసికొనివచ్చి, మా యింటి తూర్పుగది యామెకు సిద్ధపఱుప నిశ్చయించితిమి. అది పూర్వము మా అమ్మాయి చదువుకొన్న గది. గోడలు ముదురు నీలము. పదియేండ్లనాటి రంగగుటచే నక్కడక్కడ పెచ్చులూడి యుండెను.

ఆ గోడలకు లేత గోధుమవన్నె వేయింపవలెనని యింటివారు నిశ్చయించిరి. రంగుల పుస్తకములో దానికి బేజ్ అని పేరు. వృద్ధుల గదికి నదియే తగినదని యొక నమ్మకము. ఆ నమ్మక మెక్కడినుండి వచ్చినదో ముందు దెలియగలదు. తగవు వచ్చినది ఏ గోధుమవన్నె యను దగ్గఱ. పుస్తకము మా ముందు రెండు చీటీలను మిగిల్చెను. మొదటిది చిక్కని మీగడలో జిటికెడు గోధుమపిండి గలిపినట్లుండెను. రెండవది, మొదటిదానినే నీడలో నుంచినట్లుండెను. చేయి చాచి పట్టుకొని చూచినచో నేది యేదో చెప్పుట కష్టము. చీటీల వెనుక నున్న సంఖ్యలు మాత్రము స్పష్టముగ వేఱు.

మావారు రెండవదాని పక్షము వహించిరి. మాసినను గనబడదని వారి వాదము. మా మరిది బాపట్లలో నుద్యోగి. సూర్యలంక సముద్రతీర మా యూరికి దగ్గఱ. ఉప్పుగాలికి గోడలు చెమ్మగిలి మరకలు కట్టునని యతని యనుభవము. కావున నతడును రెండవదానినే బలపఱిచెను. తెనాలికి సముద్రము దూరమని చెప్పినను వినలేదు. 2022 ఏప్రిలు 4వ తేదీన బాపట్ల జిల్లా యేర్పడి రేపల్లె యందులో జేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. "వదినా, అమ్మ ఇప్పుడు మా జిల్లా మనిషి. మా మాటే చెల్లాలి" అని యతడు పరిహాస మాడెను. హైదరాబాదులో నున్న మా అమ్మాయికి ఫోనులో ఛాయాచిత్రము పంపగా వన్నె బాగున్నదనెను. ఆ రాత్రి దీపపు వెలుతురున మఱియొక చిత్రమును దీసి పంపగా "ఇది ఇంకా బాగుంది, నాయనమ్మకి ఇదే వేయించండి" అనెను. రెండును మొదటి చీటీ చిత్రములే. ఫోనుయంత్రము వెలుతురును బట్టి తెలుపును దానే సవరించుకొనుటచే నొక్క చీటీయే రెండు రంగులై కనబడినది.

ఈ సందడి నడుమ మా యింటికి వచ్చిన బంధువొకరు "రెండూ ఒకటేగదా! అయినా ముసలావిడకు ఏ రంగైతేనేం?" అని తేల్చివేసిరి. లోకములో దఱచుగ వినవచ్చు మాటయే యిది. దీనిలో రెండు సిద్ధాంతము లిమిడియున్నవి. రెండు వన్నెలకును భేదము లేదనుట మొదటిది. భేదమున్నను ముసలివారికి దానితో బనిలేదనుట రెండవది. రెంటిని వేఱువేఱుగ విచారింతము.

ఇన్ని వన్నెలలో నెన్నుకొను బాధ మన యిండ్లకు గ్రొత్తగా వచ్చినది. రేపల్లెలోని పాతయింటి గోడలను జూచినవారి కిది తెలియును. సముద్రతీరపు గ్రామములలో నత్తగుల్లలను, ఆల్చిప్పలను గాల్చి చేసిన గుల్లసున్నము వాడుచుండిరి. సున్నపురాతినిగాని గుల్లనుగాని బట్టీలో గాల్చినచో నందలి బొగ్గుపులుసు గాలి వెడలిపోవును. నీరు పోసినచో నది కుతకుత నుడికి విరిసి పొడియగును. గోడకు బూసిన పిమ్మట గాలిలోనుండి యా బొగ్గుపులుసు గాలినే మరల గ్రహించి మరల రాయి యగును. సున్నము వేసిన గోడ యనగా పలుచని రాతిపొర కప్పిన గోడ యని యర్థము. తెలుపు మఱింత తెల్లగా దోచుటకై దానిలో గొంచెము నీలిమందు గలుపుచుండిరి. వేడుక గలవారు పసుపుమన్ను గలుపుకొనుచుండిరి. గోడ యడుగున జాజుపట్టె తీర్చుచుండిరి. అంతటితో వారి వన్నెలు ముగిసినవి. సున్నము గోడలోని చెమ్మను వెలికి బోనిచ్చును. దాని క్షారగుణము బూజును సులభముగ బెరుగనీయదు. కాని యానుకొన్నవారి వీపున కంటును, ఏటేటను వేయించుకొనవలెను. పాతదంతయు మేలని నేను వాదింపను.

నేటి రంగునకు మూలము టైటానియ మను లోహమునుండి చేసిన తెల్లని పొడి. దానిని 1916 ప్రాంతమున నార్వేలోను అమెరికాలోను అమ్మకమునకై చేయ నారంభించిరి. మన భీమునిపట్టణపు టిసుకలోగూడ గనబడు ఇల్మనైటు అను నల్లని రేణువులు దానికి ముడిపదార్థము. నల్లని యిసుకనుండి తెల్లని రంగు పుట్టుట యొక వింత. దుకాణదారుడు తెల్లని మూలరంగు డబ్బాను యంత్రము క్రింద నుంచి మీట నొక్కును. బొట్లు బొట్లుగా నితరవర్ణములు దానిలో బడును. గోధుమవన్నెకు సామాన్యముగ గావలసినవి పసుపు, ఎఱుపు, నలుపు. మన పసుపుమన్నును జాజును ఇనుపతుప్పు జాతివే. యంత్రములో నుండు పసుపు, ఎఱుపులును దఱచుగ నా జాతివే. మా రెండు చీటీల పాళ్లెట్టివని దుకాణదారుని నడిగి చూచితిని. పసుపును ఎఱుపును దాదాపు సమానములు. రెండవదానిలో నలుపు కొంచె మెక్కువ. మా యింటిని రెండు కక్షలుగ జీల్చినది ఆ నల్లబొట్టు.

ఆ బొట్టు మన కంటికి దెలియునా? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము వినదగినది. ఫ్రాన్సు దేశమున గోబెలిన్ నేతశాలలో రంగుల యధికారిగా నున్న షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞునికి, నల్లని నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చినవి. ఆయన పరిశీలించి, లోపము నలుపులో లేదు, దాని ప్రక్కన నేసిన రంగులలో నున్నదని గనిపెట్టెను. 1839లో దానిపై గొప్ప గ్రంథమును బ్రకటించెను. ప్రక్కప్రక్కల నున్న రెండు వర్ణములు తమలోని భేదమును బెంచి చూపునని దాని సారాంశము. కనుకనే చీటీలను జోడించి చూచినప్పుడు రెండవది బూడిదవలె దోచును. వేఱువేఱు గదులలో జూచినచో రెండు నొక్కటిగ దోచును.

మఱియొక సంగతి. 1931లో అంతర్జాతీయ ప్రకాశసంఘము రంగులను గొలుచుటకై సగటు కన్ను నొకదానిని నిర్ణయించెను. ఇంగ్లండులో రైట్ అను నాయన 10 మందిని, గిల్డ్ అను నాయన 7 గురిని పరీక్షించి కట్టిన లెక్కలే దాని కాధారము. నేటి వర్ణమాపన శాస్త్రమున కా 17 మంది చూపు తొలి పునాది. శాస్త్రమునకు సగటు కన్ను కావలెను. అది లేక యంత్రము పనిచేయదు. కాని గదిలో నివసించువారికి సగటు కన్ను ఉండదు. వారి కన్ను వారిదే.

మా వాదములు ముదిరిన సమయమున గోడలు గీకుటకై రంగుల మేస్త్రి వచ్చెను. రెండు చీటీలను జూచి నవ్వి, "అట్టముక్క మీద రంగు అట్టముక్కకే చెల్లుతుందమ్మా. గోడ మీద వేసి చూడాలి. ఇంతకీ ఈ గదిలో ఉండేదెవరు?" అని యడిగెను. మా అత్తగారని చెప్పితిని. "అయితే పెద్దమ్మగారేమన్నారు?" అనెను. పెద్దమ్మగారు పది యడుగుల దూరమున వసారాలో గూర్చుండి, మా మాటలన్నియు వినుచు, చిక్కుడుకాయలు బాగుచేయుచుండిరి. అంతవఱకును రెండు జిల్లాల యభిప్రాయమును, హైదరాబాదు నగరము యొక్క యభిప్రాయమును వచ్చినవి. వసారా యభిప్రాయము రాలేదు.

మేస్త్రి తన పని క్రమము దప్పక చేసెను. నీలపుగోడపై నేరుగ వేసినచో, నీలము ప్రక్కన గోధుమవన్నె పసుపెక్కి కనబడునని ముందు తెల్లని పూత పూసెను. షెవ్రూల్ పేరు వినకపోయినను షెవ్రూల్ చెప్పిన సంగతి యతనికి దెలియును. పిమ్మట రెండు గోడలపై, రెండేసి యడుగుల చదరముగ, రెండు వన్నెలను దూరదూరముగ రెండు పూతలు వేసి, "తడి మీద చూడొద్దు, ఆరితే రంగు మారుతుంది. రెండు రోజులు మూడు పూటలా చూడండి" అని చెప్పి పోయెను.

అట్లే చూచితిమి. ఉదయము తూర్పు కిటికీనుండి యెండ పడినప్పుడు రెండును మీగడలే. మధ్యాహ్నము ప్రక్కయింటి వేపచెట్టు పచ్చదనము కిటికీగుండ లోనికి వచ్చి, రెండవదానిపై నొక పాచిచాయను బఱపెను. మొదటిదానికి దాని ప్రభావము తక్కువ. రాత్రి తెల్లని ఎల్.ఇ.డి. దీపము క్రింద రెండవది చల్లారిన బూడిదవలె నుండెను. పసుపుచాయ గల దీపమును వేయగా రెంటికిని భేదము దాదాపు మాయమాయెను. వెలుతురులో లేని వన్నెను గోడ తిరిగి యీయజాలదు గదా. రెండు వన్నెలకు భేదము లేదను మొదటి సిద్ధాంత మింతటితో నిలువకపోయెను. భేదము కలదు, ఏ దీపమునకు, ఏ కిటికీకి, ఏ కంటికి అని యడిగినప్పుడే యది తెలియును.

రెండవనాటి యుదయము, ఆదివారము, అత్తగారిని చేయిపట్టి గదిలోనికి దీసికొనిపోయితిని. మరిదియు నా పూట బాపట్లనుండి వచ్చి యుండెను.

"ఈ రెండు రంగులూ వేరా, ఒకటేనా, అత్తయ్యగారూ?" అని యడిగితిని.

ఆమె కొంతసేపు నిలిచి చూచిరి. తరువాత కుడికన్ను అఱచేతితో మూసికొని చూచిరి. మరల నెడమకన్ను మూసికొని చూచిరి.

"ఎడమకంటికి రెండూ ఒకటే అమ్మాయీ. రెండిటికీ నెయ్యి పూసినట్టుంది. కుడికంటికి వేరు. ఇది మీగడ. అది బూడిద."

ఇది మాటవరుసకు జెప్పినది గాదు. వయసుతో గంటిలోని కటకము పసుపుబాఱును. శుక్లము ముదిరినకొలది నది గోధుమవన్నెకు దిరిగి, నీలపు వెలుతురును లోనికి బోనీయదు. అట్టి కంటికి లోకమంతయు పాతనెయ్యి రంగే. 1949లో లండనులో రిడ్లీ అను వైద్యుడు తొలిసారిగ కృత్రిమ కటకమును గంటిలో నమర్చిన తరువాత, క్రమముగ నా చికిత్స లోకమంతట వ్యాపించినది. ఆ కటకము గల కంటికి తెలుపు మరల తెలుపుగ గనబడును. క్లాడ్ మొనే అను ఫ్రెంచి చిత్రకారునికి 1923లో కుడికంటికి శుక్లము దీసిన పిమ్మట రెండు కన్నులకు రెండు విధములుగ రంగులు దోచి యాయన మిక్కిలి చికాకుపడెను. మా యింటిలో, రెండు వన్నెలు నొకటేననువారి కన్నును, వేఱనువారి కన్నును గూడ ఒక్క మనిషి ముఖముననే యున్నవి.

"అయితే ఏది వేయించమంటావమ్మా?" అని మావారడిగిరి.

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. రేపల్లెనుండి వచ్చిన తమ పెట్టెను దెప్పించి, మూత తెఱచి, చీరలొక్కొక్కటిగ దీసి మంచముపై బఱచిరి. పదునాఱో పదునెనిమిదో యుండును. అందొకదానిని మొదటి చదరము క్రింద బట్టి చూపిరి. గుడ్డకును గోడకును భేదము లేదు. మఱియొకదానిని రెండవ చదరము క్రింద బట్టిరి, అదియు నట్లే.

"ఇది పెద్దాడు దసరాకు తెచ్చింది. ఇది చిన్నాడు వాడి గృహప్రవేశానికి పెట్టింది. మీ నాన్న పోయిన ముప్పై ఏళ్ల నుంచీ మీరు నాకు తెచ్చినవన్నీ ఈ రెండు రంగులే. వీటిని గుర్తుపట్టడం నాకు రాకపోతే ఇంకెవరికొస్తుందిరా?"

కుమాళ్లిద్దఱును మాటాడలేదు. ఆమె కంఠమున నిష్ఠురము లేదు. లెక్క యొప్పజెప్పినట్లు చెప్పిరి.

"గోడకు ఆ మీగడరంగు వెయ్యండి. ఈ గదికి వెలుతురు ఒక్క పక్కనుంచే. బూడిదరంగు వేస్తే సాయంత్రం నాలుగింటికే దీపం పెట్టుకోవాలి. తలుపుకీ, స్విచ్చిబోర్డు చుట్టూ మాత్రం ముదురురంగు వెయ్యండి. చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియాలి. గోడ సంగతి అంతే. చీరల్లో మాత్రం ఇక ఈ రెండూ తేవద్దు."

మరిది నెమ్మదిగ "ఇన్నేళ్లూ ఒక్కసారైనా అనలేదేమమ్మా?" అనెను.

"నేనడిగితే ఊళ్లో ఏమంటారు? మొగుడు పోయాక రంగుల మీద మోజేమిటంటారు. మీరు తెస్తే ఆ మాట రాదు. మీరు తెస్తారేమోనని చూశాను."

మావారు రెండు చీటీలను జేబులో వేసికొని బయటికి బోయిరి.

చదువరులారా, ముసలివారికి రంగుతో బనిలేదను రెండవ సిద్ధాంతమునకు గూడ సమాధాన మిందులోనే యున్నది. విధవా పునర్వివాహము చెల్లునని 1856లోనే చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించి నూటనలువది సంవత్సరములు దాటినవి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్త్రీల కొఱకు శారదానికేతనమును 1922లో స్థాపించిరి. ఆ మహనీయులు సమాజముతో బోరాడి గెలిచిన హక్కులు పెద్దవి. చట్టము చీరల పెట్టెలోనికి రాజాలదు. మా యింట నెవ్వరును అత్తగారితో రంగుచీర కట్టవలదని చెప్పలేదు. అట్లు చెప్పుటకు సిగ్గుపడు కుటుంబమే మాది. ఆమెకు దెచ్చు చీర లేతరంగుగ నుండుట హుందాతనమనియు, వయసునకు దగియుండుననియు, అభిరుచి యనియు బేరుపెట్టుకొనిరి. నిర్బంధముగ నున్నప్పుడు ఆచారమును బోల్చుకొనుట సులభము. అభిరుచి యను పేరు పెట్టుకొన్న తరువాత దాని ముఖము మనకు దెలియదు. వృద్ధుల గదికి గోధుమవన్నెయే తగునను నమ్మకము గూడ నా పెట్టెలోనుండి వచ్చినదే యని నా యూహ. చీరకు బట్టిన రంగే గోడకును బట్టినది.

ఆమె చెప్పిన మాటలలో మఱియొక విశేషము గమనింపదగినది. అడుగుటకు గూడ స్వాతంత్ర్యము లేనిచోట, అడుగలేదు గనుక నక్కఱలేదని యనుకొనుట న్యాయము గాదు. మౌనమును సమ్మతిగ లెక్కించుట సంసారములలో మగవారికిని, పడుచువారికిని గడు సౌకర్యమైన గణితము.

ఇక గది సంగతి. వైద్యశాస్త్రము అత్తగారి మాటనే బలపఱుచుచున్నది. అఱువదియేండ్లవారి కంటి లోపలిపొరకు జేరు వెలుతురు, ఇరువదియేండ్లవారి కంటికి జేరు దానిలో సుమారు మూడవవంతు మాత్రమే. కావున వెలుతురును ఎక్కువగ దిరిగి యిచ్చు వన్నె వృద్ధుల కుపకారి. అన్నియు లేతరంగులే యైనచో గోడ యెక్కడ ముగిసి తలుపెక్కడ మొదలిడునో, నేల యెక్కడ దిగునో తెలియక పడిపోవుదురు. గోడ లేతగను, పట్టుకొనుచోటు ముదురుగను ఉండవలెను. ఇది యామె యే గ్రంథమునను జదివినది గాదు; రేపల్లె యింటిలో తెల్లగోడను దెల్లని మీటను దడవి దడవి నేర్చుకొన్నది.

తలుపుల పాతరంగు గీకుటలో నింకొక జాగ్రత్త యవసరమైనది. పూర్వపు రంగులలో సీసము విశేషముగ నుండెడిది. ఇండ్ల లోపలి పనికి సీసపు తెలుపు వాడరాదని అంతర్జాతీయ కార్మికసంస్థ 1921లోనే యొడంబడిక చేసెను. మన దేశమున 2016లో నియమములు చేసి, ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2017 నవంబరు 1వ తేదీనుండి యమలులోనికి దెచ్చిరి. అంతకు ముందు వేసిన రంగు మాత్రము తలుపుల మీద నట్లే యున్నది. పొడిగా గీకినచో నా ధూళి గీకువాని యూపిరితిత్తులలోనికిని, ఇంటి పసిపిల్లల నోటిలోనికిని బోవును. పిల్లల మెదడున కది విషము. నీరు చల్లి తడిగ గీకింపవలెను. మేస్త్రికి ముక్కున గట్టుకొను ముసుగు మనమే యీయవలెను. రంగు సొగసును గూర్చి నెలదినములు చర్చించువారు, దానిని వేయువాని యూపిరిని గూర్చి యొక నిమిషము చింతించుట మర్యాద.

గోడలకు మీగడవన్నెయు, తలుపునకును మీట పలక చుట్టును ముదురు జాజువన్నెయు వేసిరి. పండుగకు ముందు మా మరిది తల్లిని జీరాలకు దీసికొనిపోయి, నేతచీరల యంగడిలో గూర్చుండబెట్టి, తాను వాకిట నిలిచెను. ఆమె వంకాయరంగు చీర నేరుకొనిరి. సంక్రాంతినాడు కట్టుకొని వాకిటిలో గూర్చుండగా, వీధిలో నిద్దఱు స్త్రీలు గుసగుసలాడిరి. మూడవ యామె లోనికి వచ్చి, చీర యెక్కడ కొన్నదియు, వెల యెంతయు నడిగి, తన తల్లికి గూడ నట్టిది కావలెననెను. సమాజ మిట్లే కదలును: ఇద్దఱు గుసగుసలాడుదురు, ఒకరు వెల యడుగుదురు.

సోదరీమణులారా, ఇంటిలో గదికి రంగు వేయింపదలచినచో నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. చీటీని నమ్మక గోడపై వేసి చూడుడు. ఆరిన పిమ్మట మూడు పూటలను, గదిలో నిత్యము వెలుగు దీపము క్రిందను జూడుడు. వేయువాని యారోగ్యమును మఱవకుడు. ఈ మూడింటికంటె ముందు, ఆ గదిలో నిద్రించి లేచువారెవరో వారిని లోనికి బిలిచి యడుగుడు. చిన్నపిల్లయైనను, మంచమునబడిన వృద్ధుడైనను, మాట దక్కువ పనిమనిషియైనను వారి గదికి వారే పెద్దలు. వారు చెప్పినది మన కభిరుచి కాకపోవచ్చును. మన మా గోడలమధ్య గన్ను తెఱవవలసిన పని లేదు గదా.

రెండు వన్నెలు మన కంటి కొక్కటిగ దోచినప్పుడు, భేదము లేదని తీర్పు చెప్పుటకు ముందు, ఆ భేదము నెఱిగినవారింటిలో నెవరైన నున్నారేమో విచారించుట మేలు. తఱచుగ వారు వసారాలోనే యుందురు.